పోలిక తెగినచోట: తొమ్మిది మంది, ఆరు శనివారాలు, కొన్ని నైరూప్య చిత్రాలు

“అమ్మా, ఏమీ అనుకోకండి. ఇది మా మనవరాలు కూడా గీస్తుంది. దానికి తొమ్మిదేళ్లు. చేతికి స్కేలు ఇస్తే చాలు.”

అకౌంట్స్ శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఈ మాట అన్నారు. ఆయన ఎదుట తెర మీద ఉన్నది నస్రీన్ మొహమ్మదీ అనే చిత్రకారిణి గీసిన చిత్రం. నైరూప్య (అబ్‌స్ట్రాక్ట్) చిత్రాల ముందు ఇలాంటి మాట నాకు కొత్త కాదు. ఇరవై ఏళ్లుగా జనంతో కలిసి చిత్రాలు చూడటమే నా పని. అయితే ఆ రోజు ఆ మాట రావడానికి కారణం ఆయన చూపు కాదు, నేను చూపించిన తీరు. ఆ పొరపాటును సరిదిద్దుకుంటూ వెళ్లిన ఐదు వారాల్లో నా పద్ధతే మారిపోయింది. ఈ పని చేసే మరొకరికి ఉపయోగపడుతుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

హైదరాబాద్‌లో ఒక గ్రంథాలయం పైగదిలో శనివారం సాయంత్రాలు, రెండేసి గంటలు కలిశాం. వచ్చినవారు తొమ్మిది మంది: ఈ పెద్దాయన, ఇద్దరు బడి ఉపాధ్యాయులు, ఒక నర్సు, ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, ఒక భవన నిర్మాణ కాంట్రాక్టరు, ఒక గృహిణి, డిగ్రీ చదివే కుర్రవాడు, చేనేత కుటుంబం నుంచి వచ్చి ఇప్పుడు బట్టల దుకాణానికి డిజైన్లు చేస్తున్న ఒక అమ్మాయి. చిత్రకళ చదివినవారు ఒక్కరూ లేరు. పేర్లు ఎవరివీ రాయడం లేదు.

అంతకుముందు నేను వాడిన పద్ధతులు రెండు. మొదటిది ఉపన్యాసం: చిత్రకారుడి జీవితం, కాలం, ఉద్యమం అన్నీ ముందే చెప్పి, చివర్లో చిత్రం చూపించడం. అప్పుడు జనం చిత్రాన్ని చూడరు, విన్నదానికి సాక్ష్యం వెతుకుతారు. రెండోది దానికి పూర్తిగా ఎదురు: “మీకు ఏమనిపిస్తే అదే అర్థం” అని వదిలేయడం. వినడానికి ఉదారంగా ఉంటుంది గాని, నా దృష్టిలో ఇది చూసేవారికీ చిత్రానికీ కూడా అగౌరవమే. ఏమనిపించినా సరిపోయేటట్టయితే ఇంకాస్త చూడమని ఎవరిని అడగగలం?

మొదటి శనివారం సయ్యద్ హైదర్ రజాతో మొదలుపెట్టాను. 1922లో మధ్యప్రదేశ్‌లోని బాబరియాలో పుట్టి, 1950లో ఫ్రాన్స్ వెళ్లి, దశాబ్దాలు అక్కడే ఉండి, 1980 ప్రాంతం నుంచి ‘బిందు’ను తన కళకు కేంద్రంగా చేసుకున్న చిత్రకారుడు. నల్లని వృత్తం, చుట్టూ రంగుల పట్టీలు, వాటిని పట్టి ఉంచే చతురస్రాలు. మనవారికి దగ్గరగా ఉంటుంది, సులువుగా మొదలవుతుంది అనుకున్నాను. నిజంగానే సులువుగా మొదలైంది, నిమిషంలో అయిపోయింది కూడా. “బొట్టు” అన్నారు ఒకరు. “సృష్టికి మూలం” అన్నారు ఉపాధ్యాయులలో ఒకరు. “శూన్యం” అన్నాడు కుర్రవాడు. అందరూ తలలూపారు. కాంట్రాక్టరు ధర సంగతి ఎత్తారు. 2023లో రజా చిత్రం ‘జెస్టేషన్’ వేలంలో 51.75 కోట్ల రూపాయలకు పోయిందని పత్రికల్లో చదివారట. ఆ తర్వాత మిగిలిన సమయమంతా డబ్బు గురించే మాట్లాడుకున్నాం.

ఇంటికి వెళ్లాక నా నోటుపుస్తకంలో రాసుకున్నాను: “అందరికీ అర్థమైంది. ఎవరూ చూడలేదు.”

రెండో శనివారం నస్రీన్‌ను తీసుకువచ్చాను. 1937లో కరాచీలో పుట్టారు, లండన్‌లోనూ పారిస్‌లోనూ చదువుకున్నారు, 1972 నుంచి 1990లో చనిపోయేవరకు బరోడాలోని మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయంలో లలితకళలు బోధించారు. డెబ్బైలలో ఆమె గీసిన చిత్రాల్లో మనుషులు ఉండరు, రంగు కూడా దాదాపు ఉండదు. కాగితం మీద పెన్సిలుతో, సిరాతో, ఇంజనీర్ల గీత పరికరాలతో గీసిన సన్నని రేఖలు. చాలా చిత్రాలకు పేరు లేదు, తేదీ లేదు. “బొట్టు” అని ఒక్క మాటలో తేల్చేయడానికి ఇందులో ఏమీ దొరకదు కదా అని నా ధీమా.

ప్రొజెక్టర్ మీద చూపించాను. పెద్దాయన మనవరాలి మాట అప్పుడు అన్నదే. ఆయన మాటకు నేను జవాబు వెతుక్కుంటూ ఉండగా ఇంజనీరు ముందుకు వంగి, “కాదండీ, చూడండి, గీతల మధ్య అలలు కదులుతున్నట్టు ఉన్నాయి, అది అద్భుతంగా ఉంది” అన్నాడు. మరో ఇద్దరు అవునన్నారు. నేనూ చూశాను. అలలు ఉన్నాయి. అయితే అవి నస్రీన్ గీసినవి కావు. రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి పడితే లేని అలలు కనిపిస్తాయి కదా, అలాగే చిత్రంలోని సన్నని గీతలూ ప్రొజెక్టర్ చుక్కల గళ్లూ ఒకదానితో ఒకటి పొసగక పుట్టినవి అవి. మరోవైపు, పెన్సిలుతో గీసిన లేత గీతలు ఆ వెలుతురులో పూర్తిగా మాయమైపోయాయి. అంటే ఆ గదిలో మెచ్చుకున్నవారు మెచ్చుకున్నదీ, తీసిపారేసినవారు తీసిపారేసినదీ రెండూ ఆమె చిత్రం కావు. యంత్రం ఆపేశాను. పొరపాటు నాదని చెప్పి, వచ్చే వారం దాకా ఆగమని అడిగాను.

నైరూప్య కళను పరిచయం చేసేవారందరికీ ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలని ఉంది. బొమ్మలో ఆవు ఉంటే ఎంత చెడ్డ నకలులోనైనా ఆవు మిగులుతుంది. గీత, దాని మందం, కాగితం గరుకు, అంచు దగ్గర తడబాటు, ఇవే సర్వస్వమైన చిత్రానికి చెడ్డ నకలు తీస్తే ఏమీ మిగలదు. ఫోను తెర మీద చూసి “ఇందులో ఏముంది” అనేవారు చాలాసార్లు నిజమే చెబుతున్నారు. అక్కడ నిజంగానే ఏమీ లేదు.

పడుగు ఉంది, పేక లేదు

మూడో శనివారం మంచి ముద్రణలు తెచ్చాను. నస్రీన్ చిత్రాలు మరీ పెద్దవి కావు, చేతుల్లో పట్టుకుని చూడగలిగినంత కాగితాలు. అందుకే బల్ల మీద పరిచి, ముగ్గురేసి చొప్పున కూర్చోబెట్టి, భూతద్దాలు ఇచ్చాను. పది నిమిషాలు మాట్లాడవద్దని అడిగాను. ఆమె గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

పది నిమిషాల తర్వాత ముందుగా మాట్లాడింది నేతింటి అమ్మాయి. “ఇది పడుగు” అంది. మగ్గం మీద నిలువుగా బిగించిన దారాల వరస. యాదాద్రి వైపు ఊళ్లో వాళ్లమ్మ నేతకు దారం చుడుతూ ఆసు పోస్తుంటే పక్కనే కూర్చుని పెరిగిన పిల్ల తను. ఆ కళ్లకు ఆ చిత్రంలో దారాలు తప్ప మరేదీ కనిపించకపోవడం సహజం. మిగిలిన ఎనిమిది మందీ ఊపిరి పీల్చుకున్నారు. “బొట్టు” దొరికినప్పటి తృప్తి మళ్లీ ఆ ముఖాల్లో కనిపించింది. సమాధానం దొరికింది, ఇక ముందుకు వెళ్లవచ్చు.

ఆ క్షణంలో నాకు తోచిన ప్రశ్న ఈ అనుభవం మొత్తానికీ కీలకమైంది. ముందే సిద్ధం చేసుకున్నది కాదు. “సరే, పడుగే. అయితే ఈ పడుగుతో బట్ట నేయగలవా?” అని అడిగాను.

ఆ అమ్మాయి మళ్లీ భూతద్దం తీసుకుంది. ఈసారి చూపు వేరు. ఇందాక గుర్తుపట్టడానికి చూసింది, ఇప్పుడు పని చేయడానికి చూస్తోంది. చాలాసేపటికి తల అడ్డంగా ఊపింది. “నేయలేం. ఇక్కడ దారాల మధ్య ఎడం ఒకేలా ఉంది. ఇక్కడికి వచ్చేసరికి దగ్గరపడ్డాయి. మళ్లీ ఇక్కడ విడిపోయాయి. మా ఇంట్లో అయితే ఇది తప్పు, విప్పి మళ్లీ కట్టాలి. ఇంకా, అడ్డదారం, అదే పేక, లేదు. అడ్డంగా వచ్చిన గీత దారాన్ని దాటుకుని పోతోంది గాని, కింద నుంచి పైకి అల్లుకోవడం లేదు.” కాస్త ఆగి అంది: “ఈవిడకు బట్ట అక్కరలేదు. ఎడం కావాలి.”

ఆ గదిలో అంతవరకు ఎవరూ వాడని మాట అది: ఎడం. దాని తర్వాత అందరూ గీతలను వదిలేసి గీతల మధ్య ఖాళీని చూడటం మొదలుపెట్టారు. కాంట్రాక్టరు గోడ కట్టేటప్పుడు లాగి కట్టే నూలుదారం గురించి చెప్పి, ఆ పోలికను తనంతట తానే పరీక్షకు పెట్టారు: “దారం రెండు మేకుల మధ్య ఉంటుంది. ఇందులో గీతకు మేకు లేదు, ఎక్కడ మొదలైందో తెలియదు, కాగితం అంచు దాటి పోతున్నట్టుంది.” నర్సుకు ఆసుపత్రిలో గుండె కొట్టుకోవడాన్ని చూపే కాగితం గుర్తుకొచ్చింది. ఆ పోలిక ఎక్కువ దూరం నిలవలేదు, అది ఆవిడే చెప్పారు.

పెద్దాయన మాత్రం మాట్లాడలేదు. చివర్లో ఒక చిత్రం మీద వేలు ఆనించకుండా గాలిలోనే ఒక గీతను అనుసరిస్తూ వెళ్లి, “ఇక్కడ చేయి తీసి మళ్లీ పెట్టింది” అన్నారు. ముప్పై ఏళ్లు చేతిరాత లెడ్జర్లు చూసిన కన్ను అది. దిద్దుబాటు ఎక్కడుందో పసిగట్టగలదు. “అయితే దిద్దలేదు. అలాగే వదిలేసింది” అని కూడా ఆయనే అన్నారు.

నస్రీన్ గురించి అప్పుడు చెప్పాను. నాడీ సంబంధమైన జబ్బు వల్ల చివరి ఏళ్లలో శరీరం మీద పట్టు తప్పుతూ వచ్చినా ఆమె గీతలు సూటిగానే నిలిచాయనీ, ఫతేపూర్ సిక్రీ కట్టడాలనూ సముద్రపు ఒడ్డునూ ఎడారినీ ఫొటోలు తీశారనీ, ఆ ఫొటోలను బతికి ఉండగా ప్రదర్శనకు పెట్టలేదనీ. ఇవే విషయాలు గంట ముందు చెప్పి ఉంటే “పాపం, జబ్బుతో గీసింది” అన్న జాలి ఆ కాగితాల మీద పరుచుకునేది. చూసిన తర్వాత చెప్పినందుకు, ఆ సంగతులు వాళ్లు అప్పటికే కళ్లారా చూసిన గీతలకు బరువునిచ్చాయి. పెద్దాయన ఆ ముద్రణను ఇంకోసారి ముందుకు లాక్కున్నారు.

ఆ రాత్రే పద్ధతిని మాటల్లో పెట్టుకున్నాను. చూడగానే తోచే పోలిక తప్పు కాదు, దాన్ని ఎగతాళి చేయకూడదు, కొట్టిపారేయకూడదు. దాన్ని పట్టుకుని అది తెగేదాకా నడవాలి. ఈ చిత్రం పడుగులా ఉంది, ఎంతవరకు? ఎక్కడ పడుగు కాకుండా పోయింది? పోలిక తెగినచోట కనిపించేదే చిత్రకారుడి నిర్ణయం. రజా దగ్గర నేను ఆ రెండో అడుగు వేయించలేదు. బొట్టు ముఖం మీద ఉంటుంది, ఈ నల్లని వృత్తానికి ముఖం ఏదీ? బొట్టు ముఖానికి అలంకారం, ఇక్కడ మిగిలిన చట్రమంతా ఈ ఒక్క నలుపు చుట్టూ సర్దుకుంది కదా? ఇంత చిన్న ప్రశ్న అడిగి ఉంటే మొదటి శనివారం డబ్బు కబుర్లలో గడిచేది కాదు.

నూట తొంభై గీతలు

నాలుగో శనివారం చూడటానికి కాదు, చేయడానికి. అమెరికన్ కళాకారుడు సోల్ లెవిట్ 1968లో న్యూయార్క్‌లోని పౌలా కూపర్ గ్యాలరీ గోడ మీద నేరుగా పెన్సిలుతో గీశారు. తర్వాత దశాబ్దాల్లో అలాంటివి 1,200కు పైగా చేశారు. ‘చేశారు’ అనడం కంటే ‘రాశారు’ అనడం సరిగ్గా ఉంటుంది. ఆయన ఇచ్చేది సూచన. గోడ మీద గీసేది ఎక్కువగా ఇతరులు. ప్రదర్శన ముగిశాక గోడకు రంగు వేసేస్తారు. సూచన మిగులుతుంది, మరోచోట మరొకరు మళ్లీ గీయవచ్చు.

1971 నాటి 118వ గోడచిత్రం సూచన సారాంశం ఇది: గోడ మీద గట్టి పెన్సిలుతో 50 బిందువులను యాదృచ్ఛికంగా పెట్టాలి, అవి గోడంతా సమంగా పరుచుకుని ఉండాలి, అన్ని బిందువులనూ సరళరేఖలతో కలపాలి.

చదివి వినిపించగానే గృహిణి నవ్వారు. “ఇది ముగ్గుల పుస్తకం కదండీ! పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేవరకు సందుచుక్క.” అక్షరాలా నిజం. సంక్రాంతికి పత్రికల్లో అచ్చయ్యే ఆ ఒక్క వరస ఒక సూచనే. దాన్ని ఎవరైనా ఏ వాకిట్లోనైనా వేయవచ్చు, తెల్లవారితే తొక్కుడుపడి పోతుంది, మర్నాడు మళ్లీ వేయవచ్చు. ముగ్గు చెరిగిపోయిందని ఏ ఇల్లాలూ ఏడవదు. లెవిట్ గోడకు రంగు వేసేస్తారంటే మా గుంపులో ఎవరికీ ఆశ్చర్యం కలగకపోవడానికి ఇదే కారణమనుకుంటాను.

పోలిక ఎక్కడ తెగుతుందో ఈసారి నేను అడగనక్కరలేకపోయింది. పెద్దాయన కాగితం అందుకుని చదివి, వెంటనే అభ్యంతరం లేవనెత్తారు. “ఇష్టం వచ్చినట్టు పెట్టమంటాడు. సమంగా పరచమంటాడు. రెండూ ఎలా కుదురుతాయి? ఒక్క వాక్యంలో ఇచ్చిన అనుమతిని మరో వాక్యంలో వెనక్కి తీసుకున్నాడు.” ఆడిట్ అభ్యంతరం రాసినంత పద్ధతిగా అన్నారు. లెవిట్ గోడచిత్రం మొత్తం ఆ ఇరుకులోనే ఉందని నా నమ్మకం. ముగ్గులో ప్రతి చుక్కకూ దాని స్థానం ఉంది, ఇద్దరు వేసినా అదే ముగ్గు వస్తుంది. లెవిట్ వాక్యాలను పాటించే ఏ రెండు బృందాలకూ ఒకే చిత్రం రాదు, అయినా రెండూ ఆ సూచనకు సరైన చిత్రాలే.

యాభై బిందువులకు ఎన్ని గీతలని కుర్రవాడు అడిగాడు. పెద్దాయన నోటితోనే లెక్కకట్టారు: మొదటి చుక్క నుంచి నలభై తొమ్మిది, రెండో దాని నుంచి నలభై ఎనిమిది, అలా దిగుతూ పోతే మొత్తం 1,225. రెండు గంటల్లో కుదరదు. అందుకే ఇరవై బిందువులకు తగ్గించుకున్నాం, 190 గీతలు. గోడకు గోధుమరంగు కాగితాలు అతికించాం.

చుక్కలు పెట్టడానికే ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. నర్సు కళ్లు మూసుకుని పెట్టారు. మూడు చుక్కలు ఒకేచోట గుమిగూడాయి. సమంగా లేవని ఇంజనీరు వాటిని జరపబోతే, జరిపితే యాదృచ్ఛికం ఎలా అవుతుందని ఉపాధ్యాయురాలు అడ్డుపడ్డారు. ఆ వాదన తేలకుండానే కళ్లు తెరిచి, చూడనట్టుగా పెట్టడమనే రాజీకి వచ్చారు. ఇక గీతలు. పెద్దాయన జాబితా రాసి, ఒక్కో గీత పూర్తికాగానే టిక్కు పెడుతూ వెళ్లారు. కాంట్రాక్టరు పొడవాటి అల్యూమినియం పట్టీ తెచ్చారు. ఇద్దరు పట్టీ పట్టుకుంటే ఒకరు గీయాలి. నేతింటి అమ్మాయి చేయి మిగిలినవారికంటే తేలిక, ఆమె గీతలు ఎక్కడున్నాయో దూరం నుంచే తెలిసేవి. ఒక గీత దారిలో ఉన్న మూడో చుక్కను రాసుకుంటూ పోయింది. అది ఒక గీతా, రెండా అని మళ్లీ చర్చ.

నూట ముప్పై గీతల దగ్గర అందరం వెనక్కి జరిగి చూశాం. మధ్యభాగం చిక్కబడి నల్లగా మారింది. అంచులు పలచగా ఉన్నాయి. నడుమ చీకటి ఉండాలని సూచనలో లేదు, మేమెవరమూ అనుకోలేదు, ఎవరి చేతిలోనూ లేదు. వాక్యంలో దాగి ఉండి గోడ మీదకు వచ్చింది.

పనైపోయాక చేతులు దులుపుకుంటూ పెద్దాయన నా దగ్గరికి వచ్చి, “అమ్మా, నేను అప్పుడు అన్నమాట తప్పు కాదన్నమాట. ఇది నిజంగానే మా మనవరాలు వేస్తుంది” అన్నారు. తప్పు కాదనే చెప్పాను. ఎవరైనా గీయగలగాలనే లెవిట్ సూచనలు రాశారు. “మరి ఇందులో మనవరాలికి చేతకానిది ఏదైనా ఉందా?” అని అడిగాను. ఆయన గోడ వైపు కాకుండా బల్ల మీదున్న కాగితం వైపు చూపించారు. “ఆ రెండు వాక్యాలు రాయడం.”

టాఫీల గుట్ట

ఐదో శనివారం గురించి రాయడం నాకు కష్టం. అందులో బాగా జరిగినదీ సరిగ్గా జరగనిదీ కలిసిపోయి ఉన్నాయి.

గది మూలలో రంగు కాగితాలు చుట్టిన టాఫీలు నాలుగు కిలోలు గుట్టగా పోశాను. కావలసినవారు తీసుకోవచ్చని మాత్రం చెప్పాను. తిన్నారు, జేబుల్లో వేసుకున్నారు. ఏమి గుర్తుకొస్తోందని అడిగితే పుట్టినరోజు, పెళ్లివిందు, బడిలో ఆగస్టు పదిహేను. ఉపాధ్యాయుడు “ప్రసాదం” అన్నారు. వరసగా వచ్చి ఒక్కొక్కటి తీసుకుని నోట్లో వేసుకుంటున్నాం కదా అని.

ఇక్కడ నా మూడోవారం పద్ధతి పనిచేయలేదు. ఎంతసేపు చూసినా టాఫీల గుట్ట టాఫీల గుట్టే. నస్రీన్ గీతల దగ్గర పోలిక కంటితో తెగింది. ఇక్కడ కన్ను ఎంత కష్టపడినా తెగదు. ఒక వాస్తవం తెలిసినప్పుడే తెగుతుంది.

ఆ వాస్తవాన్ని రెండు చీటీలుగా రాసి తెచ్చాను. గుంపులో సగంమందికి మొదటి చీటీ: ఫెలిక్స్ గొంజాలెజ్-టోరెస్, 1991. మూలన పోసిన టాఫీలు, ఆదర్శ బరువు 175 పౌండ్లు, అంటే సుమారు 79 కిలోలు, ఒక వయోజన పురుషుడి బరువు. చూసేవారు తీసుకుపోవచ్చు, తరిగినది మళ్లీ నింపవచ్చు. మిగిలినవారికి రెండో చీటీ. అందులో ఇవన్నీ ఉంటూ, మరికొంత: కృతి పేరులో రాస్ అన్న పేరుంది. రాస్ ఆ కళాకారుడి సహచరుడు, అదే ఏడాది ఎయిడ్స్‌తో చనిపోయారు. కళాకారుడు కూడా 1996లో అదే వ్యాధితో కన్నుమూశారు.

మొదటి చీటీ చదివినవారు తూకం గురించి, నింపడం గురించి కుతూహలంగా మాట్లాడారు. రెండో చీటీ అందినవారు నోట్లోని టాఫీని నమలడం ఆపేశారు. ఒకే గుట్ట, ఒకే గది. షికాగోలోని ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఈ కృతికి పెట్టిన వివరణ పలకలో రాస్ ప్రస్తావన, ఎయిడ్స్ ప్రస్తావన లేవని 2022లో పెద్ద నిరసన వచ్చింది, మ్యూజియం ఆ పాఠాన్ని మార్చింది. గోడ మీది రెండు వాక్యాల కోసం అంత గొడవ ఎందుకని ఎవరైనా అడిగితే, ఆ సాయంత్రం మా గదిలో సగంమంది ముఖాలను చూపిస్తే సరిపోయేది. వస్తువు కంటే ఆలోచనే ముఖ్యమైన కాన్సెప్చువల్ కళలో సమాచారం పక్కనుండే వివరణ కాదు. రంగు, కాన్వాసు ఎలాగో అదీ అలాగే కృతిలో భాగం. నైరూప్య చిత్రం దగ్గర నేను సమాచారాన్ని ఆలస్యం చేస్తాను. ఇక్కడ ఆలస్యం చేయవచ్చు గాని ఆపకూడదు, అందులో ఏ ముక్కా దాచకూడదు.

“ప్రసాదం అన్నాను గాని,” అన్నారు ఉపాధ్యాయుడు నెమ్మదిగా, “ఎంతమందికి పంచినా దేవుడు తరగడు. ఇక్కడ మనం తీసుకున్నకొద్దీ మనిషి తరిగిపోతున్నాడు.”

నర్సు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ముందే చెప్పి ఉంటే తినేదాన్ని కాదని అన్నారు. ఆవిడ గొంతులో కోపం ఉంది. ఆ కోపానికి ఆవిడకు హక్కుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ జబ్బుతో వచ్చినవారి వార్డులో పనిచేశారట. “అప్పట్లో సొంత అన్నదమ్ములు కూడా వాళ్లు తిన్న పళ్లెం ముట్టుకునేవాళ్లు కాదు. నీళ్ల గ్లాసు వేరే పెట్టించేవాళ్లు. ఈయన ఎవరో తెలియనివాళ్ల చేత, ఆయన ఒంటి బరువులోంచి ఒక్కొక్క ముక్క నోట్లో పెట్టించాడు.” నేను ఎన్నో ఏళ్లుగా ఈ కృతి గురించి చెబుతున్నాను. ఇంత సూటిగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

ఆవిడను ముందుగా పక్కకు పిలిచి ఒక మాట చెప్పవలసింది. గుంపులో ఎవరి వెనక ఏ దుఃఖం ఉందో మనకు తెలియదు. ఇప్పుడు ఈ అభ్యాసం చేసే ముందు, ఈ రోజు చూడబోయేది ఒక మరణానికి సంబంధించినదని, ఇష్టం లేనివారు దూరంగా ఉండవచ్చని చెబుతున్నాను. అనుభవం కొంత పదును తగ్గుతుంది. తగ్గనివ్వండి. అలాగే, మేము పోసిన నాలుగు కిలోలు ఆ కళాకారుడి కృతి కావని, దాన్ని ఊహించుకోవడానికి ఒక సాయమని కూడా చివర్లో స్పష్టంగా చెప్పాను.

ఇంజనీరు ఆరోవారం రాలేదు. ఫోను చేస్తే మర్యాదగానే మాట్లాడాడు: “చీటీ లేకపోతే ఆ గుట్టలో ఏమీ లేదు కదండీ. ఆ చీటీనే కథగా రాస్తే సరిపోయేది, టాఫీలెందుకు?” అతని ప్రశ్న బలమైనది. కథ చదివితే కన్నీరు వస్తుంది గాని, నాలుక మీద తీపి ఉండగా ఆ వార్త వినడం వేరని చెప్పాను. అతనికి అది చాలలేదు. అతన్ని నేను ఒప్పించలేకపోయాను.

ఆరోవారం నగరంలోని ఒక చిత్రశాలకు వెళ్లి, పెద్ద నైరూప్య తైలవర్ణ చిత్రం ముందు ఒక్కొక్కరం పావుగంట ఒంటరిగా కూర్చున్నాం. మొదటివారం సగటున నిమిషం కూడా నిలవని చూపులు అవి. పెద్దాయన చిత్రానికి ఎదురుగా కూర్చోలేదు. పక్కకు వెళ్లి కాన్వాసు అంచు చూశారు. ముందువైపు కనిపించే బూడిదరంగు కింద పసుపు, దాని కింద ఎరుపు ఉన్నాయని, అంచు మీద కారిన చారలు లెక్కపెట్టి చెప్పారు. మొదట ఎరుపు వేసి, తర్వాత ఎందుకు మూసేశాడన్న విషయం మీద కాంట్రాక్టరుతో చాలాసేపు వాదించారు.

ఆ తర్వాత రెండు వారాలకు ఆయన నుంచి ఫోను వచ్చింది. మనవరాలికి లెవిట్ సూచన తెలుగులో రాసి ఇచ్చారట, యాభైకి బదులు పన్నెండు చుక్కలతో. వరండా గోడ మీద గీయనిచ్చారట. అరవై ఆరు గీతలూ తానే పూర్తిచేసి, పెన్సిలు కింద పెట్టకుండా అడిగిందట: “తాతయ్యా, గీతలు ఒకదాన్నొకటి దాటినచోట కొత్త చుక్కలు వచ్చాయి కదా. అన్ని చుక్కలూ కలపమన్నారు. వాటినీ కలపాలా?”

“ఏమి చెప్పమంటారమ్మా?” అని అడిగారు. సూచన కాగితం తీసి మళ్లీ చదివాను. వచ్చే శనివారం మనవరాలిని కూడా తీసుకురమ్మని చెప్పాను.